వాయించువారి యీడు

దేవుని మందిర సేవకు ఏ వయస్సువారు తగుదురు? ఈ ప్రశ్నకు పాత నిబంధనలో ఒక జవాబు కాదు, మూడు జవాబులున్నవి. సంఖ్యాకాండము 4వ అధ్యాయములో ప్రత్యక్షపు గుడారపు పనికి 30 ఏండ్లు మొదలుకొని 50 ఏండ్లవరకు గల లేవీయులను లెక్కించిరి. అదే గ్రంథము 8వ అధ్యాయమునకు వచ్చునప్పటికి ఆ 30 కాస్త 25 ఆయెను. దావీదు ముసలివాడైన దినములలో, మొదటి దినవృత్తాంతములు 23వ అధ్యాయమున, అది 20కి దిగినది. చదువరి దీనిని పొరపాటని తలంచవచ్చును. కాని దావీదు కారణము చెప్పియే యున్నాడు. దేవుడు తన జనులకు నెమ్మది దయచేసెను, ఇకమీదట లేవీయులు గుడారమును దాని ఉపకరణములను ఊరూర మోయ నక్కరలేదు. మోత పోయినది గనుక భుజబలము నిండువరకు కనిపెట్టుకొని యుండ పనిలేదు. పని మారినప్పుడు పనివాని యీడుకూడ మారినది.

పై హద్దునకును ఒక వివరము కలదు. 50 ఏండ్లు దాటిన లేవీయుడు బరువు పని మానవలెను గాని ఇంటికి పోయి కూర్చుండవలెనని లేదు. తన సహోదరుల ప్రక్కను నిలిచి వారికి సాయము చేయుచుండవలెను. ఈ మాటను మన సంఘములలో అంతగా ప్రసంగింపరు.

ఈ లెక్కలను నేను అనేకమారులు చదివితిని. అయితే అవి నా కన్నులయెదుట నిలిచినది ఒక వాద్యమువలన. దాని పేరు స్టీలు గిటారు. హవాయి గిటారనియు అందురు. రేగొండకు దగ్గరగానున్న మా సంఘములో దానికి ఇంకొక పేరు కలదు. మావారు దానిని "పండుకోబెట్టిన గిటారు" అందురు. నాకు ఆ పేరే ఇష్టము.

మామూలు గిటారును రొమ్మునకు ఆనించి పట్టుకొందురు. ఎడమచేతి వ్రేళ్లతో తీగెలను మెట్లమీద గట్టిగా నొక్కవలెను. నేర్చుకొనువానికి మొదటి నెలలో వ్రేళ్ల కొనలు పుండ్లగును. చిన్నపిల్లల వ్రేళ్లు అన్ని తీగెలకు అందవు. ముసలివారి కీళ్లు వంగవు. స్టీలు గిటారు ఆలాగు కాదు. దానిని ఒడిలో వెల్లకిల పండుకోబెట్టుదురు. తీగెలు మెట్లకు తగులకుండ ఎత్తుగా లేపి కట్టుదురు. ఎడమచేత నున్నని ఉక్కుకడ్డీని పట్టి తీగెలమీద ఆనించి జార్చుదురు. కుడిచేతి బొటనవ్రేలికిని మరి రెండు వ్రేళ్లకును గోళ్లవంటి తొడుగులు తొడిగి మీటుదురు. నొక్కుట యనునది లేదు, కడ్డీ బరువే చాలును. అందుచేత స్వరము ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు దుముకదు. పాడువాని గొంతువలె జారుచు పోవును. మన తెలుగు కీర్తనల రాగములకు అది ఎంత తగియున్నదో విన్నవారికి తెలియును.

ఇందులో ఒక చిక్కు కలదు. మెట్టు సాయము లేదు గనుక కడ్డీ వెండ్రుకవాసి అటు ఇటు అయినను స్వరము తప్పును. బలము అక్కరలేదు గాని చెవి కావలెను. ఇక్కడను మోత పోయినది, మెలకువ మాత్రము మిగిలినది. అందుచేతనే ఈ వాద్యపు చరిత్రలో పిల్లలును వృద్ధులును ఇంత విరివిగా కనబడుదురని నా తలంపు.

ఇది పుట్టినది పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవులలో. జోసెఫ్ కెకుకు అను బాలుడు 1874లో అక్కడ పుట్టెను. అతడు 11 ఏండ్ల ప్రాయమున, అనగా 1885 ప్రాంతమున, రైలుపట్టాల వెంబడి గిటారు వాయించుకొనుచు నడచుచు, క్రింద పడియున్న ఒక బోల్టును తీసికొనెననియు, అది తీగెలకు తగిలి జారగా వింత నాదము పుట్టెననియు చెప్పుదురు. ఆ మీదట ఉక్కుకడ్డీ వచ్చినది. 1904లో అతడు దీవులను విడిచి అమెరికాలోను, పిమ్మట యూరపులోను వాయించుచు తిరిగి, 1932లో మరణించెను. ఒక పిల్లవాడు నేలమీదనుండి ఏరిన ఇనుపముక్కతో ఒక వాద్యపు కథ మొదలైనదన్నమాట.

మన దేశమునకు జార్చి వాయించుట బొత్తిగా క్రొత్త కాదు. దక్షిణదేశపు గోటువాద్యమును కూడ ఎదుట పండుకోబెట్టి, నున్నని కడ్డీని తీగెలమీద జార్చియే వాయింతురు. హవాయి గిటారు మాత్రము కలకత్తా త్రోవను వచ్చినది. సమోవా దీవిలో 1908లో పుట్టిన టావ్ మో అను ఆయన, ఆయన భార్య రోజ్ 1920ల చివరి భాగమున ఆసియా దేశముల పర్యటనకు బయలుదేరిరి. అనేక దేశములు తిరిగి, 1940లలో కొన్ని సంవత్సరములు కలకత్తాలో కాపురముండి వాయించిరి. వారి కథలో నన్ను ఆకర్షించిన సంగతి ఇది. 1929లో టోకియో నగరమున ఆ దంపతులు రికార్డు చేసిన పాటలనే 1988లో మరల పాడి రికార్డు చేసిరి. నడుమ దాదాపు 60 ఏండ్లు గడచినవి. టావ్ మోకు అప్పటికి 80 ఏండ్లు. వారితో కూర్చుండి వాయించినవాడు బాబ్ బ్రాజ్‌మన్, 1954లో పుట్టినవాడు. తాతకు మనుమడంత ఎడము. టావ్ మో 2004లో కన్ను మూసెను.

కలకత్తానుండి ఈ నాదము రేడియోలోనికి వచ్చినది. లక్నోలో పుట్టిన వాన్ షిప్లే, బెంగాలువాడైన సునీల్ గంగూలీ మున్నగువారు సినిమా పాటలను ఈ గిటారుమీద వాయించిన రికార్డులను ఆ కాలపువారు ఎరుగుదురు. జోధ్‌పూరువాడైన బ్రిజ్ భూషణ్ కాబ్రా, 1937లో పుట్టి 2018లో మరణించిన ఆయన, దీనిమీద శాస్త్రీయ రాగములను వాయించెను. ఆయన శిష్యుడు దేబాశీష్ భట్టాచార్య 1963లో పుట్టెను. అతడు 3 ఏండ్లకు గిటారు ముట్టి, 4 ఏండ్లకు ఆకాశవాణిలో వాయించెను. జయపురపు విశ్వమోహన్ భట్ తన మోహనవీణతో 1994లో గ్రామీ బహుమానము పొందెను. ఆయన కుమారుడు సలిల్ కూడ ఆ త్రోవనే నడచుచున్నాడు. ఒక ప్రక్క 4 ఏండ్ల పసివాడు, మరియొక ప్రక్క 80 ఏండ్ల వృద్ధుడు. ఇంత వెడల్పుగల పీట మరి ఏ వాద్యమునకున్నదో నేనెరుగను. ఒక్క తాళములకు తప్ప!

ఇక మా సంఘమునకు వచ్చెదను.

మా పల్లె పరకాలకును భూపాలపల్లికిని నడుమ, రేగొండకు కూతవేటు దూరమున నున్నది. పత్తి, మిరప, వరి మా పంటలు. కొందరు బొగ్గుబాయి పనికి పోవుదురు. మా గుడిలో పెద్దలందరు "కాజీపేట తాత" అని పిలుచు ఒక సహోదరుడున్నారు. ఆయన 1944లో పుట్టెను. 1966లో కాజీపేట రైల్వే లోకోషెడ్డులో పనికి చేరెను. ఆ దినములలో అక్కడి రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియను కుటుంబములు పెక్కు ఉండెడివి. వారిలో ఒక ముసలి డ్రైవరు, పని చాలించుటకు దగ్గరపడినవాడు, సాయంకాలము వరండాలో కూర్చుండి ఒడిలో గిటారు పెట్టుకొని కీర్తనలు వాయించెడివాడట. చిన్నతనమున కలకత్తాలో నేర్చెనట. లెక్క చూడగా అతడు టావ్ మో యీడువాడే.

"నేను కంచె అవుతల నిలబడి ఇంటుంటి సారూ," అని తాత చెప్పుదురు. "నెల దినాలు అట్లనే నిలబడ్డ. ఒకనాడు ఆయనే గేటు తీసి లోపలికి రమ్మన్నడు. పేరు అడగలే, కులం అడగలే. చెయ్యి చూపియ్యి అన్నడు."

రెండేండ్లు నేర్చుకొన్న పిమ్మట ఆ డ్రైవరు తన పిల్లలతోకూడ ఆస్ట్రేలియాకు పోవుచు గిటారును ఈయనకు ఇచ్చివేసెను. కడ్డీని మాత్రము జ్ఞాపకార్థము తనతో తీసికొని పోయెను. అప్పుడు తాత షెడ్డులో పనికిరాని ఉక్కుముక్కను ఒకటి అడిగి తెచ్చి, పదునైదు దినములు ఆకురాయితో అరగదీసి, నున్నచేసి, కడ్డీ చేసికొనెను. నేటికిని ఆయన చేతిలో నున్నది అదే. కెకుకు రైలు బోల్టు కథను నేను చెప్పినప్పుడు ఆయన చాలసేపు నవ్వి, "అయితే మొదటి సంది ఇది మా రైలోళ్లదే సారూ," అనిరి.

2004లో పని చాలించి స్వగ్రామమునకు వచ్చినది మొదలు ఆయన మా ఆరాధనలో వాయించుచున్నారు. మొదట కొందరు గొణిగిరి. ఇది దొరల వాద్యము, మన కీర్తనలకు ఎందుకనిరి. హార్మోనియము మాత్రము మన మిరపచేలలో మొలచినదా? దోర్నకల్ అధ్యక్ష మండలమున అజరయ్య బిషపుగారు, 1912లో అభిషేకము పొంది 1945లో ప్రభువునందు నిద్రించినవారు, తెలుగు పాటకును మన పల్లెల కోలాటమునకును ఆరాధనలో చోటిచ్చిరి. అప్పుడును గొణిగినవారు ఉండకపోరు. వాద్యమునకు దేశము లేదు. దానిమీద ఏమి వాయింతురన్నదే ప్రశ్న. తాత వాయించునది పురుషోత్తమ చౌదరిగారి కీర్తన. అది 19వ శతాబ్దములో తెలుగులో వ్రాసినదే.

ఇప్పుడు తాతకు 80 దాటినవి. ఎడమచేయి వణకుచున్నది. అన్నము కలుపుకొనునప్పుడు మెతుకులు జారిపోవును. అయితే కడ్డీ తీగెలమీద నున్నప్పుడు ఆ వణకు స్వరమునకు ఒక మెల్లని కదలిక నిచ్చును. యువకులు ఎంతో అభ్యాసము చేసి తెచ్చుకొను ఆ కదలిక ఆయనకు ఊరకనే వచ్చుచున్నది. "దేవుడు నాకు గమకం పుణ్యానికి ఇచ్చిండు," అని ఆయన పరిహాసమాడుదురు. చేయి ఆయనకు ద్రోహము చేయలేదు. చెవి చేసినది. సన్న తీగెల నాదము ఆయనకు సరిగా వినబడుట లేదు. శ్రుతి చేయునప్పుడు ఆ తీగెలను మితిమీరి బిగించుచున్నారు. రెండేండ్ల క్రిందట వరుసగా మూడు ఆదివారములు పాటకు గిటారు అతుకలేదు. సంఘము ఓర్చుకొన్నది గాని, వెనుక బల్లలలో యవ్వనస్థులు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి.

నాలుగవ ఆదివారమున ముందు చాపమీద కూర్చుండు పిల్లలలోనుండి 8 ఏండ్ల బాలుడొకడు లేచి పోయి, "తాతా, గా సన్న తీగె ఎక్కువైంది, జర దించు," అనెను. అందరు వినిరి. తాత కోపగింపలేదు. గిటారును వానివైపు త్రిప్పి, "నువ్వే దించు బిడ్డా," అనిరి. వాడు మరను ఒక చుట్టు త్రిప్పెను. తాత మీటి, వాని మొగము చూచెను. వాడు తల ఊపినప్పుడు పాట ఎత్తిరి.

ఆ దినము మొదలు వాడు తాత ప్రక్కను కూర్చుండుచున్నాడు. మొదట చెవిగా కూర్చుండెను. తరువాత కుడిచేతిగా కూర్చుండెను, అనగా తాత కడ్డీ జార్చగా వాడు మీటెను. ఆరు నెలలకు తాత వాని ఒడిలో గిటారు పెట్టిరి. వాని వ్రేళ్లు చిన్నవి, అయినను నొక్క పనిలేదు గదా.

ఇక్కడనే పెద్దల కూటములో మాట లేచినది. యవ్వనస్థులు అంతకుముందే చందాలు వేసికొని హన్మకొండనుండి ఒక కీబోర్డు కొనుక్కొని వచ్చిరి. కీబోర్డుమీద నాకు పగ లేదు. పాపము, అది మంచి పనివాడు, అలసట ఎరుగదు. మీట నొక్కిన డోలకు, తబల, తాళములు అన్నియు తానే వాయించును. మా డోలకు పెద్దాయనకు మాత్రము అది మనస్తాపమే. ఒక పెద్ద, గిటారును గుడిలో అద్దాల బీరువాలో జ్ఞాపకార్థముగా పెట్టుదమనెను. మరియొకరు పిల్లవాని సంగతి ఎత్తి, వాడు ఇంకను బాప్తిస్మము పొందలేదు, సంఘము ముందర ఆరాధనలో ఎట్లు కూర్చుండుననిరి. ఈ రెండవది తేలికగా తీసివేయదగిన మాట కాదు. సంఘ క్రమమును గూర్చి జాగ్రత్తగల మనుష్యుడు అడిగిన మాట.

మా పాదిరిగారు వెంటనే తీర్పు చెప్పలేదు. అందరిచేత మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయము తెరపించిరి. దావీదు ఏర్పరచిన వాద్యగాండ్ర లెక్క అక్కడ నున్నది. ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబములవారు 288 మంది, 24 వరుసలు, వరుసకు 12 మంది. ఎవరి వంతు ఎప్పుడో తేల్చుకొనుటకు చీట్లు వేసినప్పుడు పెద్దవాడని చిన్నవాడని, గురువని శిష్యుడని చూడలేదు. అందరి చీట్లు ఒక్క చోటనే వేసిరి. హేమానుకు 14 మంది కుమారులును ముగ్గురు కుమార్తెలును ఉన్నట్టు వ్రాయబడియున్నది, వారందరు తండ్రి చేతిక్రింద వాయించినట్టును ఉన్నది. పాదిరిగారు సమూయేలును కూడ జ్ఞాపకము చేసిరి. ఏలీ కన్నులు మందగించిన దినములలో దేవుని స్వరమును విన్నది బాలుని చెవి. అయితే ఆ స్వరము ఎవరిదో చెప్పినది వృద్ధుని తెలివి. ఒకరు లేకుండ రెండవవారు పనికిరాకపోయిరి.

బీరువా మాట అంతటితో ఆగినది.

ఆ కూటము తరువాత నేను కాగితము తీసికొని మా సంఘములో ఏదేని వాద్యము వాయింపగలవారి యీడులను వ్రాసి చూచితిని. హార్మోనియము 74. డోలకు 68. గిటారు 80 పైబడి. కంజీర 71. కీబోర్డు 19, 22. గిటారు రెండవ చేయి 9. 22కును 68కిని నడుమ ఒక్కరును లేరు. సంఘమునకు కానుక ఇచ్చువారు, కప్పు వేయించినవారు, పొలములు దున్నువారు, పిల్లలను కన్నవారు అందరు ఆ నడుమనే యున్నారు. వాయించువారు మాత్రము లేరు.

వారేమైరి? కొందరు హైదరాబాదుకు, కొందరు బొగ్గుబాయికి పోయిరనుట నిజమే. అయితే నాకు మరియొక సంగతి జ్ఞాపకమున్నది. ఆ దినములలో హార్మోనియము పెట్టెకు తాళముండెడిది. తాళపుచెవి ఒకరి నడుమున వ్రేలాడెడిది. పిల్లలు చేయి పెట్టిన మెట్లు పాడగునని భయము. ఆ భయమును నేను నిందింపను. ఊరంతయు ఒక పంట అమ్మి కొన్న పెట్టె అది. తాళము తెరచునప్పటికి ఆ పిల్లలకు మీసములు వచ్చి, పనులు వచ్చి, సంసారములు వచ్చెను. పెట్టె చెడలేదు. ఒక తరమే వాయించుట ఎరుగక పోయెను.

దీనికి ఎదురుగా అమెరికా దేశపు నల్లజాతి సహోదరుల సంఘమొకటి నా మనస్సున మెదలును. దాని పేరు హౌస్ ఆఫ్ గాడ్. మేరీ మగ్దలేనా టేట్ అను స్త్రీ 1903లో ఆరంభించిన సంఘమది. వారి గుడులు బీద గుడులు. ఆర్గను కొన శక్తి లేని చోట్ల స్టీలు గిటారే ఆ పని చేసినది. 1930లలో ట్రోమన్ ఈసన్ అను సహోదరుడు ఒక హవాయివాని యొద్ద దీనిని నేర్చి గుడిలోనికి తెచ్చెను. అతని తమ్ముడు విల్లీ ఈసన్, 1921లో పుట్టినవాడు, తీగెలచేత పాట మాటలను పలికించునట్టు వాయించి సంఘమంతట పేరు పొందెను. అతని బావమరది హెన్రీ నెల్సన్ అతని చూచి నేర్చెను. నెల్సన్ కుమారుడు ఆబ్రీ గెంట్ తండ్రినుండి నేర్చెను. ఆ సంఘముల వాద్యగాండ్ర పుట్టిన సంవత్సరములను వరుసగా వ్రాసిన చూడుడి: విల్లీ ఈసన్ 1921, కాల్విన్ కుక్ 1944, చక్ క్యాంబెల్ 1957, రాబర్ట్ రాండాల్ఫ్ 1977. మెట్టు మెట్టుగా నున్నది. ఎక్కడను ఒక తరమంతయు జారిపోలేదు. దాదాపు 60 ఏండ్లు ఈ వాద్యము ఆ గుడుల గోడలలోనే పెరిగి, 1990లలో గాని వెలుపలి ప్రపంచమునకు తెలియలేదు. పత్రికలవారు వచ్చి మెచ్చుకొనుటకు ముందే వారు పిల్లలకు కడ్డీ అందించుచుండిరి. విల్లీ ఈసన్ 2005వరకు జీవించి, తన పాట మనుమల యీడువారి చేతులలో మ్రోగుట వినెను.

మా పల్లెలో ఆ వరుస లేదు. మా యొద్ద రెండు కొనలే యున్నవి.

కిందటి కోతపండుగనాడు పిల్లవాడు మొదటిసారి తాత సాయము లేక ఒక కీర్తన పూర్తిగా వాయించెను. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు గుడి ముందర కుప్పగా నుండెను. తాత ప్రక్కను ఉత్తచేతులతో కూర్చుండెను. ఆయన చేతులు ఏమి చేయవలెనో తెలియక మోకాళ్లమీద కదలుచుండెను. పాట ముగిసినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టిరి, ముందు చాపమీదనున్న ఇద్దరు అవ్వలు ఏడ్చిరి. ఎజ్రా 3వ అధ్యాయము నాకు అప్పుడు తోచినది. క్రొత్త మందిరపు పునాది వేసినప్పుడు మొదటి మందిరమును చూచిన వృద్ధులు ఏడ్చిరి, తక్కినవారు సంతోషముతో కేకలు వేసిరి, ఏది ఏడ్పో ఏది సంతోషమో జనులకు తెలియకపోయెను. అంతవరకు దానిని నేను దుఃఖపు వచనమని చదివితిని. ఆ దినము అట్లు తోచలేదు. ఇద్దరు పక్షములవారు ఒక్క చోటనే నిలిచియుండిరి గనుకనే గదా ఆ ధ్వనులు కలిసిపోయెను.

తరువాత వేసవిలో పిల్లవానికి గురుకుల పాఠశాలలో అయిదవ తరగతిలో చోటు దొరికినది. పత్తి ఏరు కూలి ఇంటిలో ఇది చిన్న సంగతి కాదు. చదువు, తిండి, బట్ట అన్నియు అక్కడనే. సంఘమంతయు స్తోత్రము చెల్లించినది. తాత కూడ చెల్లించిరి. ఆ రాత్రి ఆయన మా ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చుండి, "మంచిగనే అయింది సారూ, వాడు సదువుకోవాలె. కానీ నా చెవి పోయింది," అనిరి. నేను బదులు చెప్పలేదు. ఇట్టి చోట వెంటనే వాక్యము ఎత్తి చెప్పువారు కొందరున్నారు. నాకు అది చేతకాదు.

జూనులో వాడు పోయెను. రెండు ఆదివారములు గిటారు గుడ్డలోనే చుట్టబడి యుండెను. మూడవ ఆదివారమున ఆరాధన తరువాత వాని తల్లి తాత యొద్దకు వచ్చి నిలిచెను. ఆమెకు 32 ఏండ్లు. వాడు రాత్రులు ఇంటిలో సాధన చేయుచుండగా ఆమె వంట చేయుచు వినెడిది. "వాడు తప్పు కొడితే నాకు తెలుస్తుండె మామా," అనెను. "పేరు తెల్వది, కానీ తప్పని తెలుస్తుండె."

తాత ఆమె చేతులను చూచెను. పత్తికాయ ముండ్లకు గీరుకొనిపోయిన చేతులవి. మామూలు గిటారైతే ఆ వ్రేళ్లు తీగెలమీద నిలుచునో లేదో. తాత కడ్డీని తీసి ఆమె అరచేతిలో పెట్టి, "ఇది వత్తుడు లేదు బిడ్డా, జరుపుడే," అనిరి.

ఆమె భర్త అడ్డు చెప్పలేదు గాని, ఊరిలో ఒకరిద్దరు ఆడుదానికి ఇది ఎందుకనిరి. హేమాను కుమార్తెల సంగతి అప్పటికే సంఘమునకు తెలిసియుండుట మేలైనది. ఆమె వారమునకు రెండు దినములు, చేనినుండి వచ్చి వంట ముగించి, అత్తను వెంటబెట్టుకొని తాత ఇంటికి పోవును. కూలి ఎక్కువగా దొరకు దినములలో పోలేదు. పత్తి ఏరు నెలలో అయితే బొత్తిగా కుదరలేదు. అయినను ఇప్పటికి మూడు కీర్తనలు వచ్చినవి. నాలుగవది సగము వచ్చినది. వాయించునప్పుడు ఆమె కన్నులు మూసికొనును. తాత వద్దని చెప్పి చెప్పి విసిగిపోయిరి.

ఆమెను చూచి, ట్రాక్టరు నడుపు ఒక 40 ఏండ్ల సహోదరుడు డోలకు పెద్దాయన యొద్ద కూర్చుండుట మొదలుపెట్టినాడు. అతని చేయి ఇంకను బరువుగానే పడుచున్నది. నా కాగితములో 32, 40 అను రెండు అంకెలను చేర్చితిని.

దసరా సెలవులకు పిల్లవాడు ఇంటికి వచ్చినాడు. జానెడు పొడుగైనాడు. శనివారము సాయంకాలము గుడిలో మరునాటి పాటలు చూచుకొనుచుండగా తల్లి ఒడిలో గిటారుండెను. వాడు ఆమె ఎదుట బాసిపట్లు వేసికొని కూర్చుండి విని విని, "అమ్మా, మూడో తీగె తగ్గింది," అనెను. ఆమె మర త్రిప్పబోగా అది తుప్పు పట్టినదై పటుక్కున తెగినది. తాత వారిద్దరి నడుమ వంగి, తన రైల్వే కాలపు రేకుడబ్బా మూత తీసి, కాగితములో చుట్టియుంచిన క్రొత్త తీగెను వణకుచున్న వ్రేళ్లతో విప్పుచుండెను. పిల్లవాడు ఒక కొన పట్టుకొనెను, తల్లి రెండవ కొన పట్టుకొనెను.